మొదటి బస్సు దొరికే చోటు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాళ్ళు అద్దిల్లు వెతికి చూడు అనడం మరిచిపోయారు. బహుశా వాళ్ళందరికీ సొంతిళ్ళుండి ఉంటాయి. టైమక్కకు లేదు. ఆమె ఉంటున్నది పాల ఫ్యాక్టరీ క్వార్టర్సులో, అదీ భర్త ఉద్యోగం పేరు మీద. భర్త పోయి ఎనిమిది నెలలైంది. నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చెయ్యాలని ఫ్యాక్టరీ వాళ్ళు మూడో ఉత్తరం పంపారు. మొదటి ఉత్తరంలో నాలుగు వాక్యాలున్న సంతాపం రెండోదానిలో ఒక వాక్యానికి దిగింది. మూడోదానిలో తేదీ ఒక్కటే మిగిలింది.

పొమ్మనలేక పొగబెట్టడం అంటారే, అంత నాజూకు వాళ్ళకు చేతకాదు. నేరుగానే పొమ్మన్నారు. తప్పు పట్టడానికీ లేదు. బాయిలర్ దగ్గర పనిచేసే మనిషికిచ్చిన ఇల్లది. ఆ మనిషి లేడు, బాయిలర్ ఉంది. దాని దగ్గరికి ఇంకో మనిషి వచ్చాడు, అతనికీ పెళ్ళాం పిల్లలున్నారు.

టైమక్క అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఊళ్ళో తిరిగే సిటీ బస్సులకు వేళలు కట్టే ఆఫీసులో ఇరవై నాలుగేళ్ళుగా పనిచేస్తున్నందుకు వచ్చిన పేరు. ఏ బస్సు ఎన్నింటికి బయలుదేరి ఏ స్టాపుకి ఎన్నింటికి చేరాలో పెన్సిలుతో పొడుగాటి గళ్ళ కాగితం మీద రాసేది ఆమె. కంప్యూటర్లొచ్చాక కూడా ముందు కాగితం మీద రాసుకుని తర్వాతే అందులో ఎక్కించేది. ఆ ఊళ్ళో ఏ పేటలో ఎవరుంటారో ఆమెకు తెలియదు కాని, ఏ పేట నుంచి ఏ పేటకు ఎన్ని నిమిషాలో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. డ్రైవర్లు ఆమెను తిట్టుకుంటారు, ఆమె వేసిన టైముకి చేరి మళ్ళీ నాలిక్కరుచుకుంటారు.

భర్త పోయిన రెండో వారమే ఆమె ఆఫీసుకు వెళ్ళింది. గుండె రాయి చేసుకుందమ్మా, ధైర్యవంతురాలు అన్నారు అందరూ. రాయి అయినా ఎండకు వేడెక్కుతుంది. ఆమెలో అదీ లేదు. చాలాసేపు మఠం వేసుకుని కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి మనది కాకుండా పోతుందే, అట్లా మనిషంతా తిమ్మిరెక్కి ఉంది. అన్నం తినేది, ఎంత తిన్నదీ తెలిసేది కాదు. కూతురు కాలేజీ కబురేదో చెబితే నవ్వాల్సిన చోట నవ్వేది. ఏడవాలని ఒకసారి స్నానాల గదిలో తలుపేసుకుని ప్రయత్నించింది కూడా. బకెట్ నిండి నీళ్ళు పొర్లిపోయాయి తప్ప ఆమె కంట చుక్క రాలేదు.

ఈ ఎనిమిది నెలలూ అన్నీ తన నెత్తిన వేసుకున్నది అన్నయ్య. అన్నయ్య చెడ్డవాడంటే కళ్ళు పోతాయి. ఆస్పత్రికి పరిగెత్తింది ఆయనే, కాగితాలన్నీ తిప్పింది ఆయనే. మనసు పెద్దది, గొంతు అంతకంటే పెద్దది. పెత్తనం ఈ రెండింటికంటే పెద్దది. అప్పట్లో పదకొండు రోజులు తల్లీకూతుళ్ళను తన ఇంట్లో ఉంచుకున్నాడు. ఆ పదకొండు రోజుల్లో చెల్లెలి పేరు మీద వచ్చిన ఉత్తరాలన్నీ తనే చింపి చదివాడు. మేనకోడలు పాలిటెక్నిక్కు మానేసి తన స్నేహితుడి ఆఫీసులో చేరితే బాగుంటుందని తేల్చేశాడు. స్నేహితుడికి మాట కూడా ఇచ్చేశాడు. అడిగితే, “మీ మంచికే కదా చెప్పేది” అన్నాడు. నిజమే, వాళ్ళ మంచికే. ఆ మంచి కింద ఊపిరాడదు, అంతే.

అందుకే మూడో ఉత్తరం వచ్చిన రోజున కూతురు తల్లి ఎదురుగా కూర్చుని తెగేసి చెప్పింది.

“అమ్మా, మనకంటూ ఇల్లు చూసుకుందాం. ఎట్లాంటిదైనా సరే. మామయ్య ఇంటికైతే మాత్రం నేను రాను. హాస్టల్లో చేరిపోతా. నువ్వొక్కదానివే వెళ్ళు.”

“సరే” అంది టైమక్క.

“సరే అంటే ఏంటమ్మా? ఇల్లు చూద్దామనా, నన్ను పొమ్మనా?”

“ఇల్లు చూద్దాం.”

కూతురు వెళ్ళిపోతే ఇంట్లో తనొక్కతే మిగులుతుందన్న సంగతి ఆమెకు తెలుసు. కాని ఆ తెలియడం కూడా పక్కింటివాళ్ళ సంగతి తెలిసినట్టుంది.

అన్నయ్యకు ఫోనులో చెబితే ఆయన నవ్వాడు. “ఆదివారం పొద్దున్నే లారీ మాట్లాడా. అప్పటికి నువ్వు ఇల్లు తేల్చుకుంటే బండి అక్కడికి పోతుంది. లేదంటే మా ఇంటికొస్తుంది. మేడ మీద గది ఊడ్పించి పెట్టింది మీ వదిన. నీకెందుకమ్మా ఈ తిప్పలు?”

ఆ రోజు సోమవారం. చేతిలో ఆరు రోజులున్నాయి.

ఇల్లు వెతుకుతున్నానని ఆఫీసులో నోరు జారిందో లేదో, సలహాలు మీద పడ్డాయి. ఉచిత సలహాకు ఊళ్ళో కొదవ ఎక్కడిది? గుట్ట మీద కాలనీలో గాలి బ్రహ్మాండంగా ఉంటుందన్నాడు డిపో కంట్రోలరు. “గాలి కడుపు నింపుతుందేంటి సార్, నీళ్ళు చూసుకోవాలి, పంపు ఎన్ని గంటలొస్తుందో అడగమ్మా” అంది గదులు ఊడ్చే ఆవిడ. రైలు గేటు వైపు వెళ్ళొద్దు, రైలు పోయినప్పుడల్లా గిన్నెలు దడదడలాడతాయన్నాడు క్యాషియరు. పాత మిల్లు వీధులంత సుఖం ఎక్కడా లేదు, అన్నీ అందుబాటులో ఉంటాయన్నాడు ఇంకొకాయన. పాత మిల్లు వీధుల్లోనే ఉంది అన్నయ్య ఇల్లు. ఎవరు తామున్న పేటను మెచ్చుకున్నారో, ఎవరు తాము వదిలించుకున్న పేటను తిట్టారో ఆమె విన్నది, తలూపింది.

గురువారం భోజనాల వేళ ఆమె తనకు చేతనైన పని చేసింది. గళ్ళ కాగితం తీసి మూడు వరుసలు గీసింది. గుట్ట, రైలు గేటు, పాత మిల్లు. ఇంట్లోంచి రోజూ ఎవరెవరు ఎక్కడికి ఎన్నింటికి చేరాలో నిలువు గళ్ళలో వేసింది. ఆ ఆఫీసు కాగితాల మీద మనుషుల పేర్లుండవు. బస్సెక్కేవాడు ఎవరైతే ఏం, టైముకి చేరాడా లేదా అన్నదే లెక్క. కాబట్టి అలవాటు ప్రకారం ట్రిప్పు ఒకటి, ట్రిప్పు రెండు, ట్రిప్పు మూడు అని రాసి, ఒక్కో పేట నుంచి ఒక్కో ట్రిప్పుకి పట్టే నిమిషాలు నింపింది. బస్సు టైముకి అందని చోట, అదే అలవాటు ప్రకారం, అడ్డంగా గుణకారం గుర్తు కొట్టింది. ఒక్క గుర్తు పడితే చాలు, ఇక ఆ వరుస మొత్తం పనికిరాదు.

రైలు గేటు వరుసలో గుర్తు పడింది. పాత మిల్లు వరుసలోనూ పడింది. గుట్ట ఒక్కటే నిలబడింది. మిల్లు తప్పిపోయినందుకు సంతోషం కలగాలి కదా అనుకుంది. కలగలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది.

శనివారం తల్లీకూతుళ్ళు రెండు ఇళ్ళు చూశారు. ముందు రైలు గేటు దగ్గరిది. కింద కుట్టు మిషన్ల దుకాణం, పైన రెండు గదులు. ఇంటావిడే టైలరు. మెడలో టేపుతోనే మెట్లెక్కి వచ్చి కిటికీలు తెరిచింది.

“రైళ్ళు రోజుకి పద్నాలుగు పోతాయమ్మా, నేను అబద్ధం చెప్పను. నాలుగు రోజులు విసుగ్గా ఉంటుంది, తర్వాత వినపడవు. నేను పైకి రాను. పనుంటే కింద నించి కేకేస్తా. మీకు ఉత్తరాలొస్తే మెట్ల మీద పెట్టేస్తా, ముట్టుకోను.”

ఆ చివరి మాటకు కూతురు మొహం విప్పారింది. కాలేజీ అక్కడికి ఎనిమిది నిమిషాల నడక. ఆ పిల్ల గదుల్లో అటూ ఇటూ తిరిగి, తన బల్ల ఏ గోడకు వేసుకోవాలో కూడా చూసుకుంది. అది గమనించిన టైలరమ్మ, “రేపు మధ్యాహ్నం దాకా ఇంకెవరికీ చూపించను, ఆలోచించుకోండి” అంది.

గుట్ట మీద ఇల్లు చూడటానికి రెండు బస్సులు మారారు. గాలి ఉంది, నిజమే. గోడలకు చెమ్మ కూడా ఉంది. వంటింట్లో ఒకరు నిలబడితే రెండోవాళ్ళు గుమ్మంలోనే ఆగాలి. టైమక్క ఆ గుమ్మంలో ఆగి ఇంటాయనతో “రేపు వస్తాం” అని చెప్పేసింది.

కూతురు నోరు తెరిచింది. దిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగింది. “అమ్మా, ఇక్కణ్నించి నా కాలేజీకి యాభై నిమిషాలు. నీ ఆఫీసుకి ముప్పావు గంట. దీనికన్నా రైలు గేటు ఏం పాపం చేసింది?”

“లెక్క వేశాను. అది కుదరదు. బస్సు అందదు.”

కూతురు కిటికీ వైపు తిరిగింది. బస్సుల సంగతిలో వాళ్ళమ్మతో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఊళ్ళోనే లేరు.

ఆదివారం ఎనిమిదింటికి అన్నయ్యా వదినా లారీతో సహా దిగారు. సామాను సగం వరండాలోకి చేరింది. గుట్ట అన్న మాట వినగానే వదిన ముక్కున వేలేసుకుంది.

“దూరపు కొండలు నునుపు అంటారు గాని అమ్మాయ్, ఆ గుట్ట దూరం నించి చూసినా గరుగ్గానే ఉంటుంది కదే. అక్కడేం ఉందని?”

“అన్నిట్లో అదే మంచిది వదినా. లెక్క వేశాను.”

“ఏదీ, ఆ లెక్కేదో చూపించు” అన్నాడు అన్నయ్య.

ఆమె సంచీలోంచి కాగితం తీసి ఇచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వరండా గోడకు చేరగిలబడి గళ్ళ వెంట వేలు నడిపాడు. గుమాస్తాగా ముప్పై ఏళ్ళు చేసిన మనిషి, కాగితమంటే బెరుకు లేదు.

“ట్రిప్పు రెండు, తొమ్మిదిన్నరకి చేరాలి. ఇది నీ ఆఫీసు. ట్రిప్పు మూడు, తొమ్మిదికి. ఇది పిల్ల కాలేజీ. బాగానే ఉంది. మరి ఈ ట్రిప్పు ఒకటి ఏంటి? పొద్దున ఐదూ యాభైకి చేరాలని రాశావు. మా మిల్లుకీ, ఆ రైలు గేటుకీ కొట్టేసింది దీని దగ్గరే. ఐదూ యాభైకి మీ ఇంట్లోంచి ఎవరెక్కడికి పోతారే?”

“అదా, ఆరు గంటల షిఫ్టు కదా, పది నిమిషాలు ముందు గేటు దగ్గర...” అంటూ మొదలుపెట్టి టైమక్క ఆగిపోయింది.

పాల ఫ్యాక్టరీ ఊరి బయటికి, గుట్ట అవతలికి మారి పన్నెండేళ్ళు. క్వార్టర్సు మాత్రం పాత చోటే ఉండిపోయాయి. ఆ పన్నెండేళ్ళూ భర్త మొదటి బస్సుకే వెళ్ళాడు. ఆమె నాలుగుంబావుకి లేచి టీ పెట్టేది, ఆయన తాగి గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళేవాడు. ఎక్కడ ఇల్లు చూసినా అక్కణ్నించి మొదటి బస్సు ఎన్నింటికి అన్న ప్రశ్నే ముందు రావడం ఆమెకు ఊపిరి పీల్చడంలాంటిది. గురువారం పెన్సిలు పట్టుకున్నప్పుడు ఆ చెయ్యి ఎవరినీ అడగలేదు. లేని మనిషి టైముకి డ్యూటీకి చేరాలని, ఉన్న ఇద్దరినీ గుట్టెక్కించబోయింది.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురు తల్లివైపు కాకుండా నేలవైపు చూసింది. టైమక్కకు సిగ్గేసింది. చెవులు వేడెక్కేంత సిగ్గు. ఎనిమిది నెలల తర్వాత ఆమెకు తెలిసొచ్చిన మొదటి భావం అదే.

అన్నయ్య కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఈసారి ఆయన గొంతు చిన్నదైంది, అది ఇంకా కష్టంగా ఉంది వినడానికి.

“చూశావా తల్లీ. నీ బుర్ర ఇంకా కుదుటపడలేదు. నిన్ను తప్పు పట్టట్లేదు. కొన్నాళ్ళు నీ తరఫున నేను ఆలోచిస్తా, సరేనా?” అని, వరండా దిగి, “డ్రైవరూ, బండి మా ఇంటికే” అన్నాడు.

ఎదురు చెప్పడానికి ఆమె దగ్గర ఏముంది? సాక్ష్యం ఆయన చేతిలో ఉంది, రాసింది తనే. పోనీలే అనుకుంది. ఎక్కడైతే ఏం, అంతా ఒకటే కదా అనుకుంది. అప్పుడు కూతురు కనపడింది. ఆ పిల్ల మామయ్యతో వాదించలేదు. సామాను కుప్పలోంచి తన రెండు సంచులూ ఏరి, తన పుస్తకాల పెట్టె వేరే తీసి, గోడవారగా ఒక్కోటీ పెట్టుకుంటోంది. ఆ సంచులకు తాళాలు కూడా వేసుకుని ఉంది. హాస్టలు మాట ఉత్తుత్తి బెదిరింపు కాదన్నమాట.

టైమక్కకు భయం వేసింది. అది సిగ్గుకంటే గట్టిగా వచ్చింది.

“అన్నయ్యా, ఆగు. ఆ కాగితం ఇటివ్వు.”

“ఇంకా ఎందుకే అది?”

“లెక్క తప్పయితే దిద్దాలి. దిద్దకుండా బండి వదలకూడదు.”

ఆమె వరండాలో చాప చుట్ట మీద కూర్చుని సంచీలోంచి ఎర్ర పెన్ను తీసింది. ఆఫీసులో ఒక ట్రిప్పు ఆపెయ్యాలంటే గీత కొడితే సరిపోదు. రద్దు అని రాయాలి, కింద సంతకం పెట్టాలి, ఏ తేదీ నించి అన్నది వెయ్యాలి. తేదీ లేని రద్దు చెల్లదు. డిపోలో ఆ బస్సు రోజూ తయారవుతూనే ఉంటుంది, డ్రైవరు వస్తూనే ఉంటాడు. కొత్తగా చేరినవాళ్ళు తేదీ మరిచిపోతే ఆమె చివాట్లు పెడుతుంది.

ట్రిప్పు ఒకటి మీద రద్దు అని రాసింది. సంతకం పెట్టింది. తేదీ దగ్గర పెన్ను నిలిచిపోయింది. ఆమెకు తెలియక కాదు. తేదీ తెలుసు, వారం తెలుసు, ఆ రోజు భర్త ఎక్కిన బస్సు మూడు నిమిషాలు ఆలస్యంగా వచ్చిందని కూడా తెలుసు. అది రాస్తే ఆయన ఆ రోజు నించి లేనట్టు. ఎనిమిది నెలల కిందటి తేదీ ఆమె నెమ్మదిగా, అంకె తర్వాత అంకె, ఎవరో చెయ్యి పట్టి రాయిస్తున్నట్టు రాసింది.

తర్వాత మిగిలిన రెండు ట్రిప్పుల నిమిషాలూ మామూలుగా కూడింది. కూడి, పైకే చదివింది.

“గుట్ట తొంభై మూడు. రైలు గేటు ముప్పై నాలుగు. పాత మిల్లు ముప్పై.”

అన్నయ్య మొహం వెలిగింది. “నే చెప్పలా? నీ లెక్క ప్రకారమే మా వీధి మొదటిది. ఇంకేం మరి?”

కూతురు తల ఎత్తింది. ఇరవై నాలుగేళ్ళలో తల్లి ఒక్క అంకె కూడా తనకు అనుకూలంగా మార్చి ఎరగదు. ఇప్పుడూ మార్చలేదు.

“మీ వీధి మొదటిదే అన్నయ్యా” అంది టైమక్క. “రైలు గేటుకి నాలుగు నిమిషాలు ఎక్కువ. మా లెక్కలో ఐదు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యం అనరు. మేం రైలు గేటుకి పోతాం.”

“నాలుగు నిమిషాల కోసం కాదే...”

“నాకు తెలుసు దేనికోసమో. నువ్వు లేకపోతే ఈ ఎనిమిది నెలలు నేను నిలబడేదాన్ని కాదు. అయినా నీ ఇంట్లో ఉండలేను. నీ చేతిలోకొచ్చిన నా ఉత్తరం నువ్వు చదవకుండా ఉండలేవు, నేను నిన్ను అడగలేను. ఆదివారాలు వస్తాం. నువ్వూ రా. వచ్చేముందు ఫోన్ చేసి రా.”

అన్నయ్య వాదించకుండా లారీ వైపు తిరిగాడు. అది ఆ కుటుంబంలో చాలా అరుదు. వదినే, “ఎండ ఎక్కుతోంది, సామాను ఎక్కించరేం?” అని డ్రైవరు మీద అరిచింది. అన్నయ్య మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు కాని, బీరువా రెండో వైపు తనే పట్టుకున్నాడు. కూతురు రెండు సంచులూ పుస్తకాల పెట్టే తెచ్చి మిగతా సామానులో కలిపింది. గుట్ట మీద ఇంటాయనకు ఫోన్ చేసి, రావడం లేదని చెప్పి, నాలుగు మాటలు పడింది టైమక్క. మళ్ళీ ఏమీ అనిపించలేదు. తిమ్మిరి ఒక్కసారిగా దిగేది కాదు.

రైలు గేటు దగ్గరికి చేరేసరికి పదకొండు దాటింది. టైలరమ్మ దుకాణంలోంచి బయటికి వచ్చి తాళం చెవులిచ్చింది. బల్ల ఎక్కింది, బీరువా ఎక్కింది, గిన్నెల గంప ఎక్కింది. టైమక్క రెండు దిండ్లు పట్టుకుని మెట్ల మొదట్లో ఉండగా టైలరమ్మ కింద నించి కేకేసింది.

“అమ్మా, ఒక్కటి అడగడం మరిచా. వీధి గేటుకి రాత్రి తాళం వేస్తా. పొద్దున ఎన్నింటికి తియ్యమంటారు? ఇదివరకు ఉన్నవాళ్ళు నాలుగున్నరకే లేపేవాళ్ళు నన్ను. మీలో ఎవరైనా పొద్దున్నే పోయేవాళ్ళున్నారా?”

టైమక్క జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. నోటిదాకా వచ్చిన టైము వేరు. దాన్ని మింగింది.

“ఎనిమిదింటికి తియ్యండి” అంది. “అంతకంటే ముందు పోయేవాళ్ళు మాలో ఎవరూ లేరు.”

చెప్పి, రెండో మెట్టు మీద కూర్చుండిపోయింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత గొంతు వచ్చింది. దిండులో మొహం పెట్టుకుని ఆమె పెద్దగా, వీధిలోకి వినపడేంతగా ఏడ్చింది. టైలరమ్మ నిలబడిపోయింది. పైనుంచి కూతురు పరిగెత్తుకొచ్చి పక్కన ఇరుక్కుని కూర్చుంది. లారీ డ్రైవరు మంచం పట్టె భుజాన వేసుకుని వచ్చి, దారి లేక, దాన్ని గోడకు ఆనించి బయట నిలబడ్డాడు.